ఎగముక్కు పిట్టకు లేని పాదం

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా ఊరి చుట్టుపక్కల చెప్పుకునే దయ్యాల్లో రెండింటిని నేనే పుట్టించాను కాబట్టి వాటి సంగతి నాకు బాగా తెలుసు. చెరువు అలుగు దగ్గర నిలబడే తెల్లచీర ఆడమనిషి నా చలవే. నేను బీడీ కాల్చుకునే చోటికి మేకలవాళ్లు రాకుండా ఉండాలని ఆమెను అక్కడ నిలబెట్టాను. పదేళ్లు పోయాక ఒక పెద్దమనిషి ఆమెను కళ్లారా చూశానని నాకే ఒట్టు పెట్టి చెప్పాడు. నేను భయపడినట్టు కూడా నటించాను.

అలాంటివాడు ‘నాకొక వింత జరిగింది’ అంటే ఎవరు నమ్ముతారు? మా ఇంట్లోనే నమ్మరు. దానికి తోడు, ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ కొంచెం పెంచుతూ వచ్చాను. ఒకసారి పిట్టలు మూడు వందలయ్యాయి. ఒకసారి వాటిలో ఒకటి నా పేరు పెట్టి పిలిచింది. ఇప్పుడు నాకు ఓపిక లేదు. పెంచడానికి కూడా ఓపిక కావాలి. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చెయ్యి ఊరుకోక ఎక్కడైనా పెంచితే అక్కడే ఒప్పుకుంటాను.

అవి మద్రాసు గవర్నమెంటు రోజులు. మా గిద్దలూరు, మార్కాపురం అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. గిద్దలూరుకు ఒక పూట నడక దూరంలో, రెండు కొండల మధ్య పెద్ద చెరువొకటి ఉంది. పేరు రాయను. మా మనవడు ఇప్పటికీ ఆ చెరువు మీదే పనిచేస్తున్నాడు. మా నాయన దానికి లస్కరు. తూము తిప్పడం, కట్ట కనిపెట్టుకోవడం, చెరువు చుట్టూ తిరిగి చూడడం ఆయన పని.

చెరువుకు ఒక పక్క కట్ట. ఆ చివర తూము, ఈ చివర అలుగు, మధ్య అర మైలు. మిగతా చుట్టంతా కొండ ఒడ్డు. అది ఎనిమిది మైళ్లు. కాదు, ఐదు. ఒడ్డంటే మట్టీ ఇసుకా కాదు. కొండ మీది నుంచి ఏ కాలంలోనో దొర్లి నీళ్ల దాకా వచ్చి ఆగిన బండలు. సగం నీళ్లలో, సగం పైన. నాచు పట్టి ఉంటాయి. చలికాలం పొద్దున వాటి మీద ఉత్తకాళ్లతో నడవడం ఎంత కష్టమో నడిచినవాడికే తెలుస్తుంది.

లస్కర్లు ఎగ్గొట్టకుండా మా చెరువుకు ఒక పద్ధతి పెట్టారు. తూము లస్కరు దగ్గర ఒక ఇత్తడి బిళ్ళ, అలుగు లస్కరు దగ్గర ఒక ఇత్తడి బిళ్ళ. పొద్దున ఇద్దరూ కొండ ఒడ్డు వెంట ఎదురెదురుగా నడిచి, మధ్యలో కలుసుకుని, బిళ్ళలు మార్చుకుని వెనక్కి రావాలి. సాయంత్రానికి ఒకరి బిళ్ళ ఇంకొకరి దగ్గర ఉంటే ఇద్దరూ తిరిగినట్టు లెక్క.

నాయనకు మోకాళ్లు పట్టేసి రెండేళ్లయింది. ఆయన పేరు మీద నేనే పని చేస్తున్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అలుగు వైపు లస్కరు దేవదానం. మిషను పాలెంలో ఉండేవాడు, నాకంటే పదేళ్లు పెద్ద. నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడూ అనేవాడు. ఇద్దరం కొండ ఒడ్డు ముఖం చూడకుండా కట్ట మీదే సగం దూరంలో కలుసుకుని, బిళ్ళలు మార్చుకుని, ఎండకు కూర్చునేవాళ్లం.

“ఆ గవర్నమెంటోళ్లు బిళ్ళను తిరగమన్నారు గానీ మనల్ని తిరగమన్నారా అల్లుడూ?” అనేవాడు దేవదానం.

రెండేళ్లు బిళ్ళలే తిరిగాయి.

ఆ ఏడు పుష్యమాసంలో ఇంజనీరు దొర తనిఖీకి వచ్చాడు. కట్ట పక్క బంగళాలో ఐదు రోజులు మకాం. పోయేముందు ఆయన ఒక మాట రాసి పోవాలి. నాయన ఉద్యోగం నాకు ఇవ్వడమా, దొనకొండ వైపు నుంచి ఇంకొకర్ని తేవడమా అని. ఉద్యోగం పోతే తూము పక్కనున్న లస్కరు ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. మాకు వేరే ఇల్లు లేదు. నాయన నడవలేడు. అమ్మ పోయి అప్పటికి చాలా కాలమైంది.

దొర పెద్దవాడే, యాభై దాటి ఉంటాడు. పరీక్ష రాసి నేర్చుకున్న తెలుగు మాట్లాడేవాడు. తూము చూశాడు, బిళ్ళలు చూశాడు, తల ఊపాడు. తర్వాత పెట్టెలోంచి ఒక పుస్తకం తీసి, అందులో ఒక బొమ్మ చూపించాడు.

“నీవు ప్రతిదినము ఆ యొడ్డున తిరుగుచున్నావు గదా?”

“తిరుగుతాను దొరా.”

“అట్లయిన ఈ పక్షిని చూచి యుందువు.”

గోరువంక కంటే కొంచెం చిన్న పిట్ట. బూడిద రంగు, పసుపు కాళ్లు. పొడుగాటి ముక్కు, కొన పైకి వంగి ఉంది. చలిదేశాల నుంచి శీతకాలంలో సముద్రపు ఒడ్డుకు వచ్చి, రాళ్ల మధ్య తిరుగుతుందట. నాలుగు శీతకాలాలు సముద్రం వెంట వెతికినా ఆయన తుపాకీకి అందలేదట. ఇంత లోపలి చెరువులకు వచ్చిందని ఎవరూ రాయలేదట. కానీ మా కొండ ఒడ్డు రాళ్లు చూస్తే ఆయనకు ఆశ పుట్టింది.

ఆయన పాపం పిట్ట కోసమే అడిగాడు. నాకు మాత్రం అది తనిఖీలాగా వినిపించింది. చూడలేదంటే తిరగలేదని తేలిపోతుంది.

“చూసినాను దొరా” అన్నాను.

అక్కడితో ఆగి ఉంటే ఏమీ లేకపోయేది. ఆగలేదు. అది నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

“మూడు వస్తాయి దొరా. నీళ్లలో ఒక బండ ఉంది, నడుమ చీలి ఉంటాది. పొద్దు బారెడెక్కినాక దాని పక్కకొస్తాయి. రెండు ముందర నడుస్తాయి, ఒకటి ఎనకబడతాది. దానికి ఎడమకాలికి పాదం లేదు. ఎగిరి ఎగిరి నడుస్తాది పాపం.”

మీ వైపు దీని పేరేమని అడిగాడు. “ఎగముక్కు” అన్నాను. ఆ పేరు అప్పుడే నోట్లోంచి వచ్చింది. దొర దాన్ని చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

నాయన తూము మెట్ల మీద కూర్చుని అంతా విన్నాడు. దొర పోయాక పిలిచాడు.

“ఏందిరా ఆ పిట్ట?”

“ఉత్తదే నాయనా.”

“ఉత్తదైతే ఉత్తదే గానీ, పాదం గూడా తీసేస్తివి గదరా దానికి!”

మర్నాటి నుంచి తిరుగుడు మొదలైంది. పొద్దు పొడవకముందే బయలుదేరడం, బండ నుంచి బండకు అడుగు వెయ్యడం, జారడం, లేవడం. దొరకు బూట్లున్నాయి, అవి మొదటి గంటలోనే నీళ్లు తాగాయి. నాకు అవీ లేవు. ఉల్లంకి పిట్టలు తోకలాడించుకుంటూ ఎన్నో కనిపించాయి. తీతువులు మమ్మల్ని చూసి అరిచి ఉన్న పిట్టలన్నింటినీ లేపేసేవి. ముక్కు పైకి వంగిన పిట్ట ఒక్కటీ లేదు.

“ఏదీ ఆ చీలిన బండ?” అని దొర అడిగేవాడు. “ఇంకా ముందర దొరా” అనేవాణ్ణి. కొండ ఒడ్డు నాకూ కొత్తే. ఏ మలుపులో ఏముందో ఆయనకెంత తెలుసో నాకూ అంతే తెలుసు.

దేవదానానికి కూడా తిప్పలు తప్పలేదు. దొర ఒడ్డున ఉన్నాడు గనక బిళ్ళలు మార్చుకోవడానికి నిజంగానే రాళ్ల మీద నడిచి రావాల్సి వచ్చింది. “పిట్టకు ఒక పాదం తీసినావు, నాకు రెండూ తీస్తాండావు” అని నా చెవిలో తిట్టి, దొరకు వంగి సలాం చేసి పోయేవాడు.

రెండో రోజుకు నా అరికాళ్లు చీలాయి. దొర తడి బండల మీద బోర్లా పడుకుని, దుర్బీను కళ్లకు పెట్టుకుని, గంటల తరబడి కదలకుండా ఉండేవాడు. పక్కన నేనూ పడుకునేవాణ్ణి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఫ్లాస్కులోని టీ మూతలో పోసి నాకిచ్చి, తర్వాత తాను తాగేవాడు. మూడో రోజు సాయంత్రం వెనక్కి వస్తూ రెండుసార్లు జారి పడ్డాడు. రెండోసారి లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. రేపు మధ్యాహ్నం బయలుదేరతానని చెప్పాడు.

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో కూర్చుని ఉన్నాడు.

“పొద్దున పోయి నిజం చెప్పరా.”

“చెప్తే ఇల్లు పోతాది నాయనా.”

“పోతే పోతాది. ఆయప్ప మూడు దినాలుగా రాళ్ల మీద పొర్లాడుతున్నాడు. పొద్దుగూకులు చూస్తాండాను ఈడ్నించి. నా మోకాళ్లు ఎట్ల పోయినాయో నాకు తెలుసు. ఇంకొకని మోకాళ్లు మనకొద్దు.”

“ఏడికి పోదాం మనం?”

“ఏడికో ఒకతావుకి. నువ్వు మోసుకుపోతావులే.”

పొద్దున చెప్పేయాలని నిశ్చయించుకున్నాను.

నాలుగో పొద్దున. ఇక్కడ నేను ఎప్పుడూ మంచు పెట్టేవాణ్ణి. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు. మంచు లేదు. మంచుంటే వినేవాళ్లు దగ్గరికి జరుగుతారని పెట్టేవాణ్ణి. ఎండ బాగా కాస్తోంది, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇద్దరికీ కళ్లు బాగా పనిచేసే వయసే. ఎవరూ ఏమీ తాగి లేరు.

రెండు మైళ్లు నడిచాక దొర ఒడ్డు కిందికి, పల్లంగా ఉన్న ఒక రాయి మీదికి దిగి కూర్చున్నాడు. బూటు విప్పి నీళ్లు వొంపేశాడు. ముఖం పాలిపోయి ఉంది. బూటు తొడుక్కోవడం అయ్యాక చెబుదామని ఆగాను. ఆయన తాడు కట్టుకున్నాడు. నేను చెరువుకు వీపు పెట్టి, ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“దొరా, ఒక మాట చెప్పాల.”

ఆయన నా వైపు చూడకుండా అరచెయ్యి ఎత్తాడు. ఆగమని. ఆయన చూపు నా భుజం మీదుగా పోతోంది.

తిరిగాను.

నీళ్లలో ఒక బండ. మూడు రోజులూ దాని పక్క నుంచే పోయాం. ఒడ్డు మీది నుంచి చూస్తే మామూలు బండ. ఆ పల్లం నుంచి చూస్తే నడుమ పైనుంచి కింది దాకా చీలి ఉంది, చీలికలోంచి అవతలి వెలుగు కనిపిస్తోంది. దాని పక్కన నీటి అంచున ఒక పిట్ట. బూడిద రంగు. పసుపు కాళ్లు. ముక్కు పైకి వంగి ఉంది. దాని వెనకే ఇంకొకటి. రెండూ రాళ్ల మధ్య గబగబా నడుస్తూ ముక్కులు నీళ్లలో పెడుతున్నాయి. ఆ తర్వాత కొంచెంసేపు ఏమీ లేదు. అప్పుడు బండ చాటు నుంచి మూడోది వచ్చింది. ఎగిరి ఎగిరి.

ఒళ్లు జలదరించిందని, నాలుక పిడచకట్టిందని చాలామందికి చెప్పాను. అదీ అబద్ధమే. నాకు నీరసం వచ్చింది. మూడు రోజుల అలసటంతా ఒక్కసారి కాళ్లలోకి దిగినట్టయింది. అక్కడే రాయి మీద కూర్చుండిపోయాను. పొద్దు చూశాను. బారెడు ఎక్కింది.

దొర తుపాకీ పేలింది. రెండు పిట్టలు ఈలవేసినట్టు కూస్తూ నీళ్ల మీదుగా పోయాయి. వెనకబడ్డ మూడోది పడిపోయింది.

తెచ్చింది నేనే. మోకాలి లోతు నీళ్లు, కత్తి పెట్టి కోసినట్టు చలి. పిట్ట ఇంకా వెచ్చగా ఉంది. చాలా తేలిక. దెబ్బ రొమ్ముకు తగిలింది, రక్తం అక్కడే. కాళ్లు చూశాను. కుడికాలు బాగానే ఉంది. ఎడమకాలికి పాదం లేదు. తుపాకీ దెబ్బకు పోయింది కాదు. కొన గుండ్రంగా, నున్నగా, కాయ కాచినట్టు మానిపోయి ఉంది. పోయి ఎంత కాలమైందో.

నీళ్లలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. దొర పిలిస్తే ఒడ్డుకొచ్చాను. ఆయన పిట్టను తీసుకుని ముక్కు చూశాడు, రెక్క విప్పి చూశాడు, చివరికి ఆ కాలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కళ్లలో నీళ్లున్నాయి.

“నీవు సత్యవంతుడవు” అన్నాడు.

పిట్టను రుమాలులో చుడుతూ, “ఏదియో చెప్పబోయితివి గదా, ఏమది?” అని అడిగాడు.

చెప్పడానికి అదే సమయం. మళ్లీ చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“ఏంలేదు దొరా, చలి” అన్నాను.

ఉద్యోగం నాకిస్తూ రాసి, మధ్యాహ్నం బండెక్కాడు. ఇల్లు మాకు మిగిలింది. మళ్లీ ఆయన్ని చూడలేదు.

దీని మీద నేను ఆలోచించనిది లేదు. చిన్నప్పుడెప్పుడో ఆ పిట్టను చూసి మరిచిపోయి ఉంటానా? చిన్నప్పుడు నాయన నన్ను కొండ ఒడ్డుకు రానిచ్చేవాడు కాదు, జారి పడతానని. దేవదానం చెప్పగా విన్నానా? ఆయన్ని అడిగాను. “నేను ఆ రాళ్లు చూసిందే నీ దొర వచ్చినాక” అన్నాడు. పిట్టలు రావచ్చు, దారితప్పి. మూడు రావచ్చు. బండలన్నాక ఏదో ఒకటి చీలి ఉంటుంది. అక్కడి దాకా నాకు నేను సర్దిచెప్పుకోగలను. కాలి దగ్గర ఆగిపోతాను. కుడికాలైనా బాగుండేది.

ఆ రోజు నుంచి కొండ ఒడ్డు నిజంగా తిరిగాను. ఉద్యోగం దిగేదాకా ప్రతి శీతకాలం, ప్రతి పొద్దున. “దొర పోయినాడు గదా అల్లుడూ, ఇంకా ఏం తిరుగుడు?” అని దేవదానం విసుక్కునేవాడు. ఆయన పాపం నా కోసం సగం దూరం రావాల్సి వచ్చేది. ఎగముక్కు పిట్ట మళ్లీ కనపడలేదు.

ఇంట్లో మాత్రం ఒక మార్పు వచ్చింది. దొర పోయిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి ఆ కాలి సంగతి నాయనకు చెప్పాను. అప్పటి నుంచి నేను అబద్ధమాడితే తిట్టడం మానేశాడు. భయపడేవాడు. ఎవరినన్నా ఆటపట్టిస్తూ ‘వాని ఎద్దు రేపు కుంటుతాది చూడు’ అని నేనంటే చాలు, “నోరు మూసుకోరా, మూసుకో” అని కట్టె పట్టుకుని లేవబోయేవాడు. లేవలేక మళ్లీ కూర్చునేవాడు. కొడుకంటే తండ్రికి భయం పుట్టడం నేను చూశాను. అదేమంత బాగుండదు.

రెండేళ్ల తర్వాత ఆయనకు ఆయాసం పట్టింది. గిద్దలూరు నుంచి డాక్టరును బండి మీద పిలుచుకొచ్చాను. ఆయన చూసి, నన్ను వాకిట్లోకి తీసుకుపోయి, కష్టమన్నాడు. ఒక మధ్యాహ్నం నాయన నన్ను మంచం దగ్గరికి రమ్మన్నాడు.

“నాకు బాగైతాదని చెప్పరా.”

“బాగైతాది నాయనా.”

“అట్ల గాదు. దొరకు ఆ పిట్టను చెప్పినట్ల చెప్పు. అన్నీ పెట్టి చెప్పు.”

ఆయన నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు చెప్పాను. “ఉగాది పోయిన తొమ్మిదో దినం లేస్తావు నాయనా. నీ అంతట నువ్వే లేస్తావు, కట్టె లేకుండా. తూము మెట్లు దిగుతావు. పైమెట్టు మీద ఒకసారి ఆగుతావు, ఊపిరి కోసం. ఎర్ర అంచు పంచె కట్టుకొని ఉంటావు. మెట్ల కింద దేవదానం మామ నిలబడి ఉంటాడు, నిన్ను చూసి నవ్వుతాడు.”

“ఏ కాలు ముందర పెడతాను?”

“కుడికాలు నాయనా.”

ఆయన తల ఊపాడు. ఆ రాత్రి బాగా నిద్రపోయాడని గుర్తు.

ఉగాదికి ఇంకా ఆరు రోజులుండగా పోయాడు.

ఉగాది పోయిన తొమ్మిదో దినం పొద్దున నేను తూము మెట్ల కింద నిలబడ్డాను. దేవదానం వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయనకు నేనేమీ చెప్పలేదు, బిళ్ళ కోసం వచ్చానన్నాడు. ఇద్దరం చాలాసేపు అక్కడే ఉన్నాం. మెట్ల మీదికి ఎవరూ రాలేదు.

పిట్టను చెప్పినప్పుడు నాకు ఆ పిట్ట మీద ప్రేమా లేదు, నమ్మకమూ లేదు. ఊరికే నోటికొచ్చింది చెప్పాను. అది వచ్చింది. నాయనను చెప్పినప్పుడు ప్రతి మాటా రావాలని చెప్పాను. నా నోటిలో ఏమన్నా ఉంటే అది ఆ రోజు ఎందుకు పనిచెయ్యలేదో తెలియదు. ఏమీ లేకుంటే ఆ పిట్ట పాదం ఎవరు తీశారో తెలియదు. నాకు డెబ్బై దాటి కూడా పదేళ్లయింది. దీనికి ఏదైనా అల్లి చెబుదామని చూశాను. నాకు అల్లడం రాక కాదు, ఇది ఒక్కటీ కుదరడం లేదు.